స్కెచ్‌బుక్ తెచ్చారా? యానిమేషన్ వైపు చూస్తున్నవాళ్ల కోసం దామెర్ల రామారావు కథ

యానిమేషన్‌లోనో గేమ్ ఆర్ట్‌లోనో ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే మీ పోర్ట్‌ఫోలియోలో ఏముందో నేను కొంతవరకు ఊహించగలను. జపాన్ కార్టూన్లలో ఉండే పెద్ద పెద్ద కళ్లు, ఎక్కడో చూసి గీసిన ఒక డ్రాగన్, సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉచితంగా వచ్చే బొమ్మని తీసుకుని చేసిన ఒక నడక. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నా ఫోల్డర్‌లోనూ ఇవే ఉండేవి. ఇంజినీరింగ్ అయిపోగానే హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి వాటిని పట్టుకెళ్లాను. ఇంటర్వ్యూ చేసినాయన ఓపిగ్గా అన్నీ తిరగేసి, స్కెచ్‌బుక్ ఏదని అడిగారు. అలాంటిది ఒకటి ఉండాలని కూడా నాకు తెలీదు. ఉద్యోగం రాలేదు.

తర్వాత నేను టెక్నాలజీ గురించి రాసుకునే దారిలో పడ్డాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కంప్యూటర్ మీద పనిచేసేవాడికి కాగితం పుస్తకంతో పనేంటి? దీనికి జవాబు వెతుకుతుంటే నాకు దొరికిన మనిషి యానిమేటర్ కాదు. ఆయన పోయేనాటికి తెలుగు సినిమాకి ఇంకా మాటలే రాలేదు. ఆయన పేరు దామెర్ల రామారావు. మన గోదావరి చిత్రకారుడు. బతికింది 27 ఏళ్లే. ఆయన బతుకు మీకెందుకు పనికొస్తుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. చిన్నప్పట్నుంచీ చెయ్యి ఊరుకునేది కాదు, ఏది కనబడితే అది గీసేవాడు. ఇలాంటి పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మీ క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని రికార్డు పుస్తకం వెనక బొమ్మలేసే కుర్రాడు లేడా? చాలామందికి అది అక్కడితోనే ఆగిపోతుంది. రామారావుకి ఆగిపోకపోవడానికి కారణం ఒక ఇంగ్లీషు దొర. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. కుర్రాళ్లలో బొమ్మలేసేవాళ్లని, కవిత్వం రాసేవాళ్లని వెతికి పట్టుకుని చేరదీసేవాడు. తర్వాత గొప్ప నవలా రచయిత అయిన అడివి బాపిరాజు కూడా ఆ గుంపులోవాడే. పాఠాలతో పాటు గురువు పూనుకుని చేసిన మంచి పని ఇంకొకటుంది. కుర్రాళ్లని అజంతా గుహలకి తీసుకెళ్లి చూపించాడు.

ఈ ప్రయాణం దగ్గర కాసేపు ఆగుదాం. అజంతా గోడల మీద ఉన్నవి చాలావరకు బుద్ధుడి పూర్వజన్మల కథలు, జాతక కథలు. ఇప్పటికి పదిహేను వందల ఏళ్ల నాటివి, కొన్ని అంతకంటే పాతవి. మీరు కామిక్ పుస్తకాల్లో చూసే గళ్లు అక్కడ ఉండవు. ఒక సంఘటన పక్కనే ఇంకో సంఘటన, మధ్యలో గీత ఉండదు. ఒక చెట్టో ఒక స్తంభమో ఒక మనిషి అటు తిరిగి నిలబడటమో మన కంటిని పక్క ఘట్టంలోకి నడిపిస్తుంది. ఒకే పాత్ర అదే గోడ మీద మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇక చేతులు చూడండి. ఎవరు ఎవరితో ఏం అంటున్నారో వేళ్లు చెప్పేస్తాయి. నోరు కదలనక్కర్లేదు. వెలుగునీడల మీద కన్నా గీత మీదే ఆ చిత్రకారులకి నమ్మకం ఎక్కువ. ఒళ్లు ఎక్కడ వంగిందో, బరువు ఏ కాలి మీద ఉందో ఆ ఒక్క గీతలో తెలిసిపోవాలి.

ఇప్పుడు మీరు యానిమేషన్ కోర్సులో మొదటి నెల నేర్చుకునేవి గుర్తు తెచ్చుకోండి. స్టేజింగ్, పోజ్, లైన్ ఆఫ్ యాక్షన్, స్టోరీబోర్డ్. పేర్లు కొత్తవి, అంతే.

అజంతాని చూసి అక్కడే ఆగిపోయి ఉంటే రామారావు ఆ గోడల్ని కాపీ కొట్టే చిత్రకారుడు అయ్యుండేవాడేమో. కానీ కూల్డ్రే ప్రోత్సాహంతో ఆయన 1916లో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. అది పూర్తిగా వేరే ప్రపంచం. బ్రిటిష్ వాళ్లు నడిపే బడి. గ్రీకు విగ్రహాల పోతలు ముందు పెట్టుకుని గీయాలి, కొలతలు నేర్చుకోవాలి, కండరం ఎముకకి ఎక్కడ అతుక్కుంటుందో తెలియాలి. రామారావు చదువు ఆఖరి రోజుల్లో ఆ స్కూలు బాధ్యత గ్లాడ్‌స్టన్ సాలమన్ అనే ఆయన చేతికొచ్చింది. బతికున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి గీసే లైఫ్ క్లాసుకి ఆయన పెద్దపీట వేశాడు. మోడల్ కదలకుండా ఎంతసేపు నిలబడగలదు? కాసేపటికి భుజం వాలుతుంది, నడుం ఒకవైపుకి జారుతుంది. చూసేవాడి కన్ను, గీసేవాడి చెయ్యి ఆ జారుడుని పట్టుకోవాలి. ఈ పని ఏ పుస్తకం చూసీ రాదు.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఆ రోజుల్లో ఇది ఉత్త డ్రాయింగ్ క్లాసు గొడవ కాదు. దేశంలో చిత్రకారులు రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్నారు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు పాశ్చాత్య పద్ధతి మనకెందుకని పక్కకు పెట్టి, అజంతా నుంచి, మొఘల్ చిత్రాల నుంచి స్ఫూర్తి తీసుకుని పలచని రంగుల్లో, మసక మసకగా పౌరాణిక చిత్రాలు వేస్తున్నారు. జాతీయోద్యమం ఊపులో ఉన్నప్పుడు అది దేశభక్తి కూడా. మన మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలకి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి అదే దారి నేర్పాడు. బాపిరాజు అక్కడే చిత్రకళ నేర్చుకున్నాడు. బొంబాయి వాళ్లేమో ముందు శరీరం గీయడం రావాలి, తర్వాతే మిగతావి అనేవాళ్లు. ఒక వైపు వెళ్తే రెండో వైపు వాళ్లకి లోకువ.

రామారావు ఏ వైపూ పూర్తిగా వెళ్లలేదు. శరీరం మీద పట్టు బొంబాయి నుంచి తెచ్చుకున్నాడు, గీత నడక అజంతా నుంచి తెచ్చుకున్నాడు. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లని చూడండి, ఇంటర్నెట్‌లో వెతికితే కొన్ని దొరుకుతాయి. ఒంపులు సంప్రదాయ శిల్పంలో ఉన్నట్టే ఉంటాయి, కానీ ఆ ఒంపు వెనకాల నిజంగా ఎముక ఉంది, బరువు ఉంది. పుష్పాలంకరణ అనే చిత్రం ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి. పేరు చెప్పినట్టే పూలతో సింగారించుకోవడమే విషయం. మన ఇళ్లలో పండగ రోజు పొద్దున్న జరిగే పనే. పురాణంలో దేవకన్యని వెతుక్కుంటూ పోనక్కర్లేదని ఆయనకి తెలుసు.

1920లో బొంబాయి చదువు ముగిసింది. కాఠియావాడ్ వైపు తిరిగినప్పుడు అక్కడి పాలమ్ముకునే ఆడవాళ్లని గీశాడు. ఆ దేశపు కట్టు, నగలు, నెత్తిన బరువు పెట్టుకున్నప్పుడు మెడ నిలబడే తీరు అన్నీ ఆయనకి కొత్త. తర్వాత బొంబాయిలోనే ఉండిపోకుండా సొంతూరు రాజమండ్రికి వచ్చేశాడు. ఆ రోజుల్లో చిత్రకారుడికి పెద్ద ఊరు వదులుకోవడం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు బెంగళూరు వదిలి చిత్తూరు వచ్చేస్తానంటే ఇంట్లో ఏమంటారో అదే. కానీ ఆయనకి గీయాల్సిన మనుషులు ఇక్కడే ఉన్నారు. గోదావరి, దాని ఒడ్డు, తూర్పు కనుమల మధ్యలోంచి అది వచ్చే తీరు, రేవులో జనం. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవాళ్లు. మిత్రుడు వరదా వెంకటరత్నం తోడున్నాడు. చిత్రకళ నేర్పడానికి ఊళ్లోనే ఒక బడి పెట్టాడు, ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అనే సంఘం పెట్టాడు.

ఆయనకి దేశమంతా పేరు తెచ్చింది ఋష్యశృంగుడి బొమ్మ. 1922లో కలకత్తా ప్రదర్శనలో దానికి వైస్రాయ్ బహుమతి వచ్చింది. కథ మీకు తెలిసే ఉంటుంది. అడవిలో తండ్రి దగ్గరే పెరిగి, ఆడమనిషి అన్నదాన్నే ఎప్పుడూ చూడని ముని కుమారుణ్ణి వేశ్యలు వచ్చి మోహంలో పడేసి నగరానికి తీసుకుపోతారు. దీన్ని ఒకే ఒక్క బొమ్మలో చెప్పాలి. సినిమా తీసేవాడికి ముందూ వెనకా షాట్లుంటాయి, చిత్రకారుడికి ఒక్క క్షణమే. ఆ క్షణంలో కుర్రాడికి ఆశ్చర్యం ఉండాలి, అమాయకత్వం ఉండాలి, అప్పుడే మొదలైన లోబడటం ఉండాలి. వచ్చిన ఆడవాళ్లకి అది పని అని కూడా తెలియాలి. మీకు ఎప్పుడైనా యాక్టింగ్ షాట్ పరీక్షగా ఇస్తే, అంటే డైలాగ్ లేకుండా బొమ్మ మనసు మారడం చూపించమంటే, మీ ముందున్న సమస్య అచ్చం ఇదే. రామారావు దాన్ని పురాణం నుంచి తీసుకున్నాడు. ఒళ్లు ఎలా స్పందిస్తుందన్నది మాత్రం చూసిన మనుషుల నుంచే వచ్చింది.

యానిమేషన్ వాళ్లకి ఇదే పాఠం అర్థమవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అప్పటిదాకా అమెరికా కార్టూన్లలో చేతులూ కాళ్లూ రబ్బరు గొట్టాల్లా సాగేవి, మోచెయ్యి అన్న మాటే లేదు. పూర్తి నిడివి సినిమా తీయాలంటే ఇది చాలదని వాల్ట్ డిస్నీకి అర్థమైంది. 1932లో డాన్ గ్రాహం అనే డ్రాయింగ్ మాస్టర్ని పిలిపించి, అప్పటికే ఉద్యోగం చేస్తున్న ఆర్టిస్టులకి సాయంత్రాలు లైఫ్ క్లాసులు పెట్టించాడు. 1937లో స్నో వైట్ అలా వచ్చింది. బాంబి సినిమా కోసమైతే బతికున్న జింక పిల్లల్నే స్టూడియోకి తెప్పించారు. అదే సినిమాలో అడవి వాతావరణానికి టైరస్ వాంగ్ అనే చిత్రకారుడు చైనాలోని సోంగ్ రాజుల కాలపు ప్రకృతి చిత్రాల దారి పట్టాడు. నిజం జింక ఒకవైపు, వెయ్యేళ్ల నాటి చైనా చిత్రకళ ఇంకోవైపు. రామారావు బొంబాయినీ అజంతానీ కలిపినట్టే.

ఇది ఏదో నేను బలవంతంగా కలుపుతున్న చుట్టరికం అనుకోకండి. బాంబికి పనిచేసిన యానిమేటర్లలో క్లెయిర్ వీక్స్ ఒకడు. ఆయన పుట్టింది మన దేశంలోనే, క్రైస్తవ మిషనరీల ఇంట్లో. 1956లో ఆయన బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్లకి యానిమేషన్ నేర్పాడు. తర్వాత భారతీయ యానిమేషన్‌కి పితామహుడిగా పేరు తెచ్చుకున్న రామ్మోహన్ అక్కడ శిక్షణ పొందినవాడే. 1957లో ఆ బృందం తీసిన చిత్రం ది బన్యన్ డీర్. కథ జాతక కథ. బొమ్మల తీరు అజంతా తీరు. జింక గురించి డిస్నీలో నేర్చుకున్నవాడు చివరికి తిరిగొచ్చి ఏ గోడ దగ్గర ఆగాడో చూడండి. అంతకు నలభై ఏళ్ల ముందు కూల్డ్రే రాజమండ్రి కుర్రాళ్లని తీసుకెళ్లి నిలబెట్టింది అక్కడే.

రామారావు మిత్రుడు బాపిరాజు సంగతి కూడా ఒక్క మాట. నవలలు రాస్తూనే ఆయన 1930లలో తెలుగు సినిమాలకి కళా దర్శకుడిగా పనిచేశాడు. అంటే ఆ తరంలో చిత్రకళ చదివినవాళ్లకి సినిమాలో పని ఉందని తేలింది. రామారావు బతికుంటే ఆయన్నీ ఎవరో మద్రాసు పిలిచేవాళ్లే అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ, అంతే.

మరి ఇప్పుడు మీ సంగతి. మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్నారు. అజంతా దూరం, జె.జె. స్కూల్ దూరం. కానీ ఆయన గోదావరి రేవులో చేసిన పని మీరు ఇక్కడ చేయొచ్చు. అలిపిరి మెట్ల దగ్గర ఒక పొద్దున కూర్చోండి. మూడున్నర వేల మెట్లు. కింద ఉషారుగా గోవిందా అంటూ ఎక్కేవాళ్ల వీపు నిటారుగా ఉంటుంది. గాలిగోపురం చేరేసరికి అదే మనిషి చెయ్యి మోకాలి మీద ఉంటుంది, అడుగు పడేముందు ఒళ్లు ముందుకి వాలుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కేవాళ్లున్నారు. పిల్లాణ్ణి భుజానికెత్తుకున్న తండ్రి ఉన్నాడు, ఒక్కో మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ వంగి లేచే ఆడవాళ్లున్నారు. బరువు అంటే ఏంటో నేర్పడానికి ఇంతకంటే మంచి స్టూడియో ప్రపంచంలో ఉందా? వాక్ సైకిల్ అని మీరు యూట్యూబ్‌లో చూసేది ఒక్క నడక. ఇక్కడ గంటలో వెయ్యి నడకలు పోతాయి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టిన మనిషి మామూలుగా నిలబడే మనిషి కాదు. వేషం పడగానే నడక మారుతుంది, భుజం మారుతుంది. పాత్ర అంటే ఏంటో అక్కడ చూడండి. ఎస్.వి. జూ పార్కులో జంతువులున్నాయి. కుక్కలైతే మీ వీధిలోనే ఉన్నాయి, వాటికి టికెట్ కూడా లేదు.

పాత కళ వైపు చూస్తే శ్రీకాళహస్తి పక్కనే ఉంది. వెదురు పుల్లకి నూలు చుట్టి, కషాయంలో ముంచి గుడ్డ మీద గీసే కలంకారీ గీతకి రబ్బరు లేదు, అన్‌డూ బటన్ లేదు. రామాయణం మొత్తం గళ్లుగా విడగొట్టి ఒక గుడ్డ మీద చెప్పేస్తారు. అది స్టోరీబోర్డ్ కాక మరేంటి? టి.టి.డి. నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థ తిరుపతిలోనే ఉంది, అక్కడ శిల్పంతో పాటు కలంకారీ కూడా నేర్పుతారు. సెలవు దొరికితే లేపాక్షి వెళ్లి వీరభద్రస్వామి గుడి పైకప్పు కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడండి. విజయనగరం కాలం నాటి చీరల అంచులు, ఆ తలకట్లు క్యారెక్టర్ డిజైన్ చేసేవాడికి ఒక ఏడాది పని.

ఇప్పుడు నాలుగు మాటలు టైప్ చేస్తే కంప్యూటరే బొమ్మ ఇచ్చేస్తోంది కదా, ఇదంతా ఎందుకని మీలో కొందరు అడుగుతారు. ఈ టూల్స్ గురించి రాయడమే నా పని, వాటి మీద నాకు ద్వేషం లేదు. కానీ అది ఇచ్చేది అయిపోయిన బొమ్మ. ఇంటర్వ్యూలో ఈ బొమ్మ బరువు ఎడమ కాలి మీద ఎందుకుందని అడిగితే చెప్పాల్సింది మీరు. సరిదిద్దమంటే కూర్చుని సరిదిద్దాల్సిందీ మీరే. స్కెచ్‌బుక్ అడిగేది బొమ్మలు అందంగా ఉన్నాయా అని చూడటానికి కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఈ మనిషి చూస్తాడా లేదా అని తెలుసుకోవడానికి. అందుకే అందులో చెడిపోయిన గీతలున్నా పర్వాలేదు. అరనిమిషంలో గీసిన ముసలమ్మ వీపు ఉంటే చాలు. ఫొటో చూసి నాలుగు గంటలు నీడలు దిద్దిన హీరో ముఖం కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

తిరిగి రామారావు దగ్గరికి వద్దాం, చెప్పాల్సింది కొంచెమే మిగిలింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకి ఆయన చిత్రాలు వెళ్లాయి. బడి నడుస్తోంది, శిష్యులు చేరుతున్నారు. సరిగ్గా అప్పుడు మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న పోయాడు. ఇంకో నెల ఉంటే 28 నిండేవి. నాకిప్పుడు దాదాపు అంతే వయసు. ఆయన చేతిలో నిజంగా ఉన్న పని కాలం చూస్తే, చదువు అయ్యాక అయిదేళ్లు కూడా లేదు. మీలో చాలామంది మొదటి ఉద్యోగం కోసం, రెండో ఉద్యోగం కోసం తిరిగే అయిదేళ్లు అవి.

ఆయన పోయాక బడి మూతపడిపోవాల్సిందే. పడలేదు. వరదా వెంకటరత్నం, మిగతా మిత్రులు దాన్ని నిలబెట్టారు. ఆ బొమ్మల కోసం రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరుతోనే ఆర్ట్ గ్యాలరీ ఏర్పడింది, గోదావరికి దగ్గర్లోనే ఉంటుంది. తిరుపతిలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ వైపు చేరిపోవచ్చు. రంగుల బొమ్మల ముందు ఎలాగూ నిలబడతారు. తర్వాత రేఖాచిత్రాల దగ్గరికి రండి, హడావుడి పడకండి. ఎవరో ఒక మనిషి ఒక క్షణం కూర్చుని లేచిపోయింటారు, ఆ కూర్చోవడం నూరేళ్ల తర్వాత కూడా కాగితం మీదుంది. సంచీలో ఒక పెన్సిల్, ఒక పుస్తకం పెట్టుకుని వెళ్లండి. బయటికొచ్చాక రేవు పక్కనే ఉంటుంది, జనం స్నానాలు చేస్తూ ఉంటారు.